మొసళ్ళకు మంద లేదు

మా సంసారంలోకి మొసళ్ళు రావడానికి కారణం బాతులు.

రామచంద్రపురంలో ఆటో ఎక్కి ద్రాక్షారామం వెళ్తున్నాం. కోతలైపోయి చేలన్నీ మోళ్ళతో ఉన్నాయి. మధ్యలో ఒకచోట రోడ్డుకడ్డంగా బాతులు. నాలుగైదు వందలుంటాయేమో. మా ఆటో, వెనక రెండు మోటారు సైకిళ్ళు, ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు, అన్నీ ఆగిపోయాయి. వాటి వెనక ఒకతను పొడుగాటి వెదురుకర్ర చివర ప్లాస్టిక్ సంచి ముక్క కట్టుకుని, ఆ హారన్లేవీ తనక్కానట్టు నడుస్తున్నాడు. కర్ర కొంచెం పక్కకి వాల్చాడు. ముందరి బాతు మెడ తిప్పింది. దాని వెనక అన్నీ, బోదె గండి కొట్టి నీళ్ళు మళ్ళేసినట్టు, అదే వంపు తిరిగి గట్టు దిగి చేలో రాలిన గింజల మీద పడ్డాయి. ఒక్కటి మాత్రం దిగలేదు. రోడ్డు మీదే నిలబడి మా ఆటో చక్రాన్ని పరీక్షగా చూస్తోంది. అతను నాలికతో టకటకమన్నాడు. అది తూలుకుంటూ పరిగెత్తింది.

"మందలో ఉన్నంతసేపేనండి దాని ధైర్యం" అన్నాడు ఆటో అబ్బాయి.

మా ఆవిడ ఆ మాట పట్టుకుంది. ఆవిడ కాకినాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతుంది. ఒళ్ళో సంచీలో ఆరో తరగతి పరీక్ష పేపర్లున్నాయి. అందులో ఒక ప్రశ్న: ఎలిగేటర్ల గుంపును ఏమంటారు? పుస్తకం ప్రకారం జవాబు 'కాంగ్రిగేషన్'. ఒక కుర్రాడు 'రన్' అని రాశాడట. గుంపు పేరు అడిగితే, ఆ గుంపు కనబడ్డప్పుడు మనం చెయ్యాల్సిన పని రాశాడన్నమాట. ఆవిడ సున్నా వేసింది. వేసిన దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు.

వాళ్ళ మేనమామ ద్రాక్షారామంలోనే హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. భోజనాలయ్యాక, ఎండ తగ్గాక, ముగ్గురం గుడికి వెళ్ళి భీమేశ్వరుణ్ణి కింద ఒకసారీ, మేడెక్కి పైన ఒకసారీ చూసి, వచ్చి సప్తగోదావరి గుండం మెట్ల మీద కూర్చున్నాం. నేను గుంటూరు వైపు వాణ్ణి, ఈ ఇంటికి అల్లుణ్ణి. అంచేత మధ్యలో కూర్చున్నాను గాని మాట్లాడింది తక్కువ. వాళ్ళిద్దరి సంవాదం గుర్తున్నంత వరకూ రాస్తున్నాను.

మేనకోడలు: మావయ్యా, మొసళ్ళ గుంపుని తెలుగులో ఏమంటారు?

మేనమామ: మొసళ్ళంటారు.

మేనకోడలు: గుంపుని?

మేనమామ: చివర 'ళ్ళు' ఉందిగా. బహువచనం దండగనుకున్నావా?

మేనకోడలు: వేళాకోళం కాదు. ఆవులకి మంద ఉంది, మిడతలకి దండు ఉంది, చీమలకి బారు ఉంది. మొసలేం పాపం చేసింది?

మేనమామ: గజేంద్రుడి కాలు పట్టుకుంది.

ఆయన ధోరణే అంత. ముందు ఒక చురక వేసి, అవతలివాళ్ళు కదిలితే అప్పుడు అసలు మాటలోకి దిగుతారు. ఆవిడ పేపరు సంగతీ, కాంగ్రిగేషన్ సంగతీ చెప్పింది.

మేనమామ: కాంగ్రిగేషన్ని మన చర్చిల్లో సంఘం అంటారు కదూ? బాగుంది, మొసళ్ళ సంఘం. అయితే అధ్యక్షుడూ, కార్యదర్శీ, కోశాధికారీ ఉండాలి. మహిళా విభాగం కూడానేమో. ఇంతకీ మీ పుస్తకం అడిగింది మొసలి కాదు, ఎలిగేటర్. మన దేశంలో ఎలిగేటరే లేదు గదే.

మేనకోడలు: తెలుసు. ఉన్నవి రెండే జాతులు, ఒకటి అమెరికాలో, ఒకటి చైనాలో యాంగ్‌ట్సీ ఒడ్డున. మనకున్నవి మూడు: నదుల్లో చెరువుల్లో ఉండే మగర్, ఉప్పునీటి మొసలి, మూతి సన్నగా పొడుగ్గా ఉండే ఘరియల్. కాని కుంపిణీ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు మన మొసలినీ ఎలిగేటర్ అనే రాసుకున్నారు. ఆ మాట కూడా వాళ్ళది కాదు. స్పెయిన్ వాళ్ళు చూసి 'ఎల్ లగార్తో' అన్నారు, బల్లి అని. ఇంగ్లీషువాడు ముందున్న 'ఎల్'తో సహా మింగేశాడు.

మేనమామ: సరే. మరి ఆ సంఘం పేరు ఎక్కడిది?

మేనకోడలు: ఇలాంటి పేర్ల జాబితా 1486లో ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్ళో అచ్చయిన పుస్తకంలో ఉంది. డేగలతో వేట, మామూలు వేట, వంశ చిహ్నాలు, వాటి గురించి రాసిన పుస్తకం. కాకుల గుంపుని హత్య అనడం అందులోదే.

మేనమామ: కొలంబస్ ఎప్పుడు బయల్దేరాడు?

మేనకోడలు: 1492.

మేనమామ: మరి ఆరేళ్ళ ముందు పుస్తకంలోకి అమెరికా మొసలి ఎలా పాకిందే?

మేనకోడలు: పాకలేదు. ఆ పుస్తకంలో కాంగ్రిగేషన్ ఉంది గాని, అది మనుషులకీ, తీతువుకి చుట్టమయ్యే ప్లోవర్ అనే పిట్టకీ. ఎలిగేటర్‌కి తర్వాతెప్పుడో ఎవరో తగిలించారు.

మేనమామ: ఆయ్! అదన్నమాట. ప్రాచీన సంప్రదాయమని పిల్లలకి బట్టీ పట్టించేది నిన్నా మొన్నా కుట్టిన చొక్కా.

మేనకోడలు: నేననేదీ అదే మావయ్యా. వాళ్ళకి కొత్త జంతువు కనబడింది. పాత పెట్టెలోంచి ఒక మాట తీసి తొడిగారు. 1968లో జేమ్స్ లిప్టన్ అనే ఆయన ఈ మాటల మీదే పుస్తకం వేసి, పాతవాటికి తోడు తనూ కొన్ని కల్పించి పెట్టాడు. ఎవరూ తప్పు పట్టలేదు. మనమెందుకు చెయ్యకూడదు? మనకి లేవని ఊరుకోవడం సోమరితనం కాదూ?

మేనమామ: లేవన్నదెవరు? కాకపోతే వాళ్ళు పెట్టినట్టు మనం పెట్టలేదు. వాళ్ళ జాబితా వేటకి గుర్రమెక్కే దొరల ముచ్చట. ఏ జంతువుకి ఏ మాటో తెలిసినవాడు పెద్దమనిషి, తెలియనివాడు మోటువాడు. మన మాటలు పొలం గట్టు మీద పుట్టినవి. తెలుగువాడు జంతువుని చూసి గుంపుకి పేరు పెట్టలేదే. ఆ గుంపుకీ తనకీ ఏమిటి పని, అది చూసి పెట్టాడు.

ఇక్కడ ఆయన చెప్పు విడిచి మెట్టు మీద కాలు మడిచారు. క్లాసు మొదలైందని నాకర్థమైంది.

మేనమామ: మంద అన్నావు. దేనికి మంద? ఆవులకి, మేకలకి, గొర్రెలకి, పొద్దున మీ ఆటో ఆపిన బాతులకి. వీటన్నిటికీ ఉన్న పోలికేంటి? కాళ్ళు కాదు, కొమ్ములు కాదు. వెనక కర్ర పట్టుకున్నవాడు. కాపరి ఉంటే మంద. ఎండాకాలం చేలో గొర్రెల మంద కట్టించుకుంటాం ఎరువుకి. 'మంద కట్టడం' అన్నాక గొర్రెలని వేరే చెప్పక్కర్లేదు. మిడతలకి దండు ఎందుకొచ్చింది? దండంటే సైన్యం. పంట మీద పడి దోచుకుపోతాయి గనక. 2020లో అవి మహారాష్ట్ర దాకా వచ్చాయంటే మన పేపర్లన్నీ మిడతల దండు అనే రాశాయి, ఎవరూ చెప్పకుండానే. చీమలకి బారు, కొంగలకి బారు: గీత గీసినట్టు వెళ్తాయి గనక. అదే చీమ పంచదార డబ్బాలో దూరితే మీ అత్తయ్య 'చీమల దండు' అంటుంది. ఒకే చీమ, రెండు పేర్లు. నడిస్తే బారు, మీద పడితే దండు. కోతికి మూక. ఎందుకంటే మూకకి క్రమం ఉండదు, చెప్తే వినదు. ఆ కోతే రాముడి పక్షాన నిలబడితే సేన అయింది. జంతువు మారిందా?

మేనకోడలు: ఏనుగుల మంద అని కూడా అంటారుగా. దానికి కాపరెవరు?

మేనమామ: పార్వతీపురం వైపు ఒడిశా నుంచి దిగినవాటిని ఏనుగుల గుంపు అనే చదివాను నేను. మంద అని రాసినవాడుంటే, పాపం అటవీశాఖ వాళ్ళని కాపర్లనుకున్నాడు కాబోలు.

మేనకోడలు: ఇది తప్పించుకోవడం.

మేనమామ: కొంచెం. గెల, అత్తం, పన, కుప్ప, మేటు, ఇవి చూడు పోనీ. రావులపాలెంలో అరటికాయ బేరమాడేవాడికి గెల వేరు, అత్తం వేరు. ఒకటి చెట్టు ఇచ్చింది, ఒకటి కత్తి ఇచ్చింది. గడ్డి చేలో ఉంటే పన, దొడ్లో ఉంటే మేటు. చేతికి పనున్నచోట మాట పుట్టింది. మొసళ్ళతో మనకేం పని? మేపామా, పితికామా, కోశామా? అందుకే దానికి మాట లేదు.

మేనకోడలు: ద్రాక్షకి గుత్తి ఉందిగా. ఈ ఊళ్ళో ఎవరు కోశారు ద్రాక్షలు?

ఆయన నవ్వారు. మా స్కూలు రోజుల్లో కూడా 'గుత్తి' అనగానే ద్రాక్ష వచ్చేది. ఈ ఊళ్ళోనేమో పేరులో తప్ప ద్రాక్ష లేదు. దక్షుడి ఆరామం, దాక్షారామం, జనం నోట్లో పడి పండులా మారింది. కాళేశ్వరం, శ్రీశైలం, ఈ ఊరు, మూడు లింగాల మధ్య దేశం గనక త్రిలింగమైందనీ, దాంట్లోంచే తెలుగు వచ్చిందనీ పాతవాళ్ళ మాట. భాషాశాస్త్రం చదివినవాళ్ళు అది ఒప్పుకోరనుకోండి. ఆ మెట్ల మీద కూర్చుని తెలుగులో ఏం ఉంది ఏం లేదని వాదించుకోవడం మాత్రం నాకు సబబుగానే తోచింది.

ఆవిడ మరమరాల పొట్లం విప్పి గుప్పెడు నీళ్ళలో వేసింది. ముందు ఒక చేప మూతి. తర్వాత నాలుగు. అంతలో నీళ్ళే కనబడలేదు, గుండ్రంగా తెరిచిన నోళ్ళు తప్ప. ఒక దాని వీపు మీంచి ఇంకోటి జారుతూ, చప్పరించిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది.

మేనకోడలు: దీన్ని స్కూల్ అంటారు.

మేనమామ: మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టినప్పుడు మా హైస్కూలూ ఇలాగే ఉండేది.

మేనకోడలు: బడి కాదు మావయ్యా. ఇది డచ్చి మాట, గుంపు అని అర్థం. బడి స్కూలు గ్రీకుల నుంచి వచ్చింది. రెంటికీ చుట్టరికం లేదు. సరే, నువ్వు గట్టు మీద పుట్టిన మాటలన్నావు. చిన్నప్పుడు వేసవి సెలవులకొస్తే నా చేత అమరకోశం వల్లె వేయించింది నువ్వేగా? రెండో కాండ, సింహాదివర్గం చివర ఏముంది?

మేనమామ మాట్లాడలేదు. నీళ్ళకేసి చూశారు.

మేనకోడలు: చెప్పవేం? పావురాల గుంపు కాపోతం. చిలకలది శౌకం. నెమళ్ళది మాయూరం. తిత్తిరి పిట్టలది తైత్తిరం. అక్కడితో ఆగాడా? ఏనుగులది హాస్తికం, ఎద్దులది ఔక్షకం, దూడలది వాత్సకం. పశువులైతే సమజం, పశువులు కానివాళ్ళయితే సమాజం. ఒక్క దీర్ఘం తేడా! ఇవన్నీ జంతువుని బట్టి పెట్టినవి కావూ? సెయింట్ ఆల్బన్స్‌కి ఎన్ని వందల ఏళ్ళ ముందటివి ఇవి? ఇవి దొరల ముచ్చట కాదూ?

మేనమామ: అది సంస్కృతం.

మేనకోడలు: నువ్వు నాకు తెలుగు పద్యాలు రావడానికని నేర్పావు.

మేనమామ: నేర్పాను, నిజమే. కాని చూడు, అది అచ్చు. పాణిని నాలుగో అధ్యాయంలో సమూహం అనే అర్థంలో ప్రత్యయాలు చెప్పాడు. కపోతం పోస్తే కాపోతం వస్తుంది, శుకం పోస్తే శౌకం వస్తుంది. ఇటుకబట్టీ లాంటిది. దాంట్లో మనిషి కన్ను లేదు. చిలకలు ఎలా వాల్తాయో, ఎలా అరుస్తాయో శౌకంలో ఎక్కడుంది?

మేనకోడలు: అచ్చుంటే మరీ మంచిదిగా. కుంభీరం పొయ్యి.

మేనమామ: పోస్తే కౌంభీరం వస్తుంది. ఎవడంటాడే? అరవయ్యేళ్ళ కిందట నోటికి పట్టాను. మా దొడ్లో జామచెట్టు మీద రోజూ చిలకలు వాల్తాయి. ఒక్కనాడైనా 'శౌకం వాలింది' అన్నానా? మీ అత్తయ్య ఆస్పత్రికి తీసుకెళ్తుంది.

మేనకోడలు: జనత అన్నావుగా.

మేనమామ: ఎప్పుడు?

మేనకోడలు: ప్రతి ఎన్నికలప్పుడూ. 'జనత చూస్తూ ఊరుకోదు' అని. అదీ ఆ బట్టీలో కాలిన ఇటుకే. గ్రామం, జనం, బంధువు, ఈ మూడింటికీ గుంపు అనే అర్థంలో 'త' చేర్చమన్నాడని నువ్వే చెప్పావు. గ్రామత పోయింది, బంధుత పోయింది. జనత బతికింది, పార్టీల పేర్లలోకి ఎక్కింది. ఏ మాట బతుకుతుందో ముందే తెలుసా? పోసి చూడాలి.

ఈ దెబ్బ తగిలిందనే నేననుకున్నాను. నా లెక్కలో ఆవిడ అక్కడ గెలిచింది. అయితే ఆయన పండితుడు గదా, కాలు ఇంకో రెకాబులో పెట్టారు.

మేనమామ: అదే అమరంలో వారివర్గం గుర్తుందా? నీళ్ళ సంగతులన్నీ అందులోనే. చేపపిల్లల గుంపుకి ఒక మాటిచ్చాడు, పోతాధానం అని. ఆ పక్కనే మొసలికి నక్రం, కుంభీరం అని పేర్లిచ్చాడు. గుంపు పేరివ్వలేదు. చిలకలకిచ్చినవాడు, పావురాలకిచ్చినవాడు, చేపపిల్లలకిచ్చినవాడు మొసలి దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తేశాడు. ఎందుకని? మొసలి కథల్లో ఒక్కటే వస్తుంది గనక. పోతన భాగవతం చూడు. ఏనుగులు గుంపుగా వచ్చాయి మడుగుకి. మొసలి ఒక్కటి. అన్ని ఏనుగులుండీ ఏం చెయ్యలేకపోయాయి. అక్కడ ఇంకో నాలుగు మొసళ్ళుంటే గజేంద్రుడు విష్ణువుని పిలిచేదాకా బతికుండేవాడా? కథ కథంతా ఒంటరితనం మీద నిలబడింది, దానిదీ, వీడిదీ. వేమన చెప్పిన మొసలీ అంతే, నీళ్ళలో ఉంటే ఏనుగుని లాగుతుంది, బయటికొస్తే కుక్కకి లోకువ. ఒక్కటే. శంకరుల కాలు పట్టిందీ ఒక్కటే.

మేనకోడలు: పంచతంత్రంలో మొసలికి పెళ్ళాముంది. కోతి గుండెకాయ కావాలన్నది ఆవిడే.

మేనమామ: రెండైతే జత. గుంపు కాదు.

మేనకోడలు: అంబాజీపేట దగ్గర మొసలపల్లి ఉంది. ఒక్క మొసలికే ఊరికి ఆ పేరు వస్తుందా?

మేనమామ: ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే శాసనం చూపించు, ఒప్పుకుంటాను. ఈ గుళ్ళో స్తంభాల మీదా గోడల మీదా బోలెడన్ని శాసనాలున్నాయి, సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ నాలుగో సంపుటం తెరిస్తే పేజీలకి పేజీలు మన ఊరే. అఖండదీపం వెలగాలి, నెయ్యి కావాలి, దానికి పశువులు ఇచ్చాం, ఫలానావాడి చేతిలో పెట్టాం. చాలావాటి సారాంశం ఇదే. అక్కడ 'మంద' అని ఊరుకోలేదు. అంకె వేశారు. మంద అంటే రేపు నాలుగు తగ్గుతాయి గదా. రాయి మీద అంకె తగ్గదు.

నేను అంతవరకూ నోరు విప్పలేదు. కాని మొసళ్ళ గుంపుని కళ్ళతో చూసినవాణ్ణి ఆ మెట్ల మీద నేనొక్కణ్ణే. ఉద్యోగంలో కొన్నాళ్ళు సంగారెడ్డిలో ఉన్నాను. సింగూరుకి దిగువన మంజీర అభయారణ్యం ఉంది, 1978 నుంచీ. ఒక చలికాలం పొద్దున్న పడవలో తీసుకెళ్ళారు. నీళ్ళ మధ్య చిన్న రాతిదిబ్బ. ముందు దుంగలనుకున్నాను. తర్వాత ఒక దుంగకి నోరు తెరుచుకుంది. తొమ్మిదో పదో ఉన్నాయి. నోళ్ళు తెరిచి పెట్టి కదలకుండా పడుకున్నాయి. ఒళ్ళు మరీ వేడెక్కకుండా అలా చేస్తాయట. నన్ను పట్టుకున్నది వాటి మధ్యనున్న ఎడం. ఆ కొంచెం దిబ్బ మీదే ఒకదాన్నొకటి తగలకుండా, రైల్వే బెంచీ మీద పరాయివాళ్ళు కూర్చున్నట్టు. పడవ ఇంకొంచెం దగ్గరికి వెళ్ళగానే చివరున్నది చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారింది. నేను ఊపిరి తీసేలోగా దిబ్బ ఖాళీ. పడవ తోసే ఆయన 'ఎండకొచ్చినయి సార్' అన్నాడు. అంతే అన్నాడు. గుంపన్లేదు, మందన్లేదు.

ఇది చెప్పగానే ఇద్దరూ ఒకేసారి నామీద పడ్డారు.

మేనమామ: చూశావుటే? పేరు లేదు, క్రియ ఉంది. ఎండకొచ్చాయి. సరిపోయింది.

మేనకోడలు: ఇంగ్లీషులో మొసళ్ళ గుంపుని 'బాస్క్' అంటారు మావయ్యా. బాస్క్ అంటే ఎండ కాగడం. ఆ పడవ ఆయన అన్నదే! వాళ్ళు ఆ క్రియనే పట్టుకుని పేరు చేసేశారు. ఆయన నోట్లో ఉన్నదాన్ని మనం అందుకోలేదు, అంతే తేడా.

మేనమామ: అందుకుని ఏమంటావు? 'ఎండ మొసళ్ళు' అంటావా? ఎండుచేపలనుకుంటారు.

మేనకోడలు: నా దగ్గర ఇంకోటుంది. మడుగు.

మేనమామ: మడుగంటే చోటు.

మేనకోడలు: తేనెపట్టు చోటు కాదూ? మనం 'పట్టు లేచింది' అంటే లేచింది ఈగలే కదా. ఫ్లోరిడాలో అన్నయ్య వాళ్ళ ఇంటి వెనక చెరువులో ఎలిగేటర్ ఉంటుంది. ఒకదాన్ని పట్టించి పంపిస్తే ఇంకోటి వస్తుందిట. ఆ రాష్ట్రంలో 67 కౌంటీలుంటే అన్నిట్లోనూ ఉన్నాయి, మొత్తం మీద సుమారు 13 లక్షలని అక్కడి ప్రభుత్వం లెక్క. దక్షిణాన ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేల ఉంది. వాన లేని నెలల్లో అక్కడ నీళ్ళు ఇంకిపోతాయి. అప్పుడు ఎలిగేటర్ మూతితో, తోకతో బురద తవ్వి గుంట చేసుకుంటుంది. నీళ్ళు అక్కడే మిగుల్తాయి. చేపలు, తాబేళ్ళు, కొంగలు, తక్కిన ఎలిగేటర్లు అన్నీ అక్కడికే చేరతాయి. మళ్ళీ వానలు పడేదాకా అన్నిటినీ బతికించేది ఆ మడుగే. నువ్వు సంబంధాన్ని బట్టి పేరన్నావుగా. మొసలికీ దాని గుంపుకీ సంబంధం ఇదే. మొసళ్ళ మడుగు. నీ సూత్రంతోనే పెట్టాను.

మేనమామ: నా సూత్రం మనిషి సంబంధం గురించి.

మేనకోడలు: అన్నిటికీ మనిషే ఎందుకు మధ్యలో? కాపరి ఉంటేనే మంద, పంట పోతేనే దండు. మనకి పాలివ్వకపోతే, మన గింజ తినకపోతే దానికి పేరుండకూడదా? ఇదేం న్యాయం మావయ్యా?

దీనికి ఆయన దగ్గర వెంటనే జవాబు లేదు. గుళ్ళో గంట మోగింది. గుండం అవతలి గట్టున ఎవరో బట్టలు పిండుతున్నారు. చేపలు మరమరాలు అయిపోయినట్టు తెలుసుకుని ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోయాయి.

మేనమామ: అసలు మొసళ్ళు కలిసుంటాయా అమ్మడూ? ఈయన చెప్పింది వింటే ఒకదాని మొహం ఒకటి చూసుకునేలా లేవు.

మేనకోడలు: పిల్లలున్నప్పుడు ఉంటాయి. మద్రాసు దగ్గర రాములస్ విటేకర్ 1976లో మొదలెట్టిన మొసళ్ళ బ్యాంకు ఉంది కదా, మన మగర్ గురించి అక్కడ చాలా చూసి రాశారు. తల్లి ఇసకలో గొయ్యి తీసి గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. పొదిగేటప్పుడు ఇసక ఎంత వేడిగా ఉందో దాన్ని బట్టి మగో ఆడో తేలుతుంది. నెలలు నిండాక గుడ్డులోంచే పిల్లలు కూస్తాయి. ఆ కూత విని తల్లి ఇసక తవ్వుతుంది. పగలని గుడ్డుంటే నోట్లో పెట్టుకుని మెల్లిగా నొక్కి పగలగొడుతుంది. ఆ నోరు, మావయ్యా! గజేంద్రుణ్ణి పట్టిన నోరు. దాంట్లో పిల్లల్ని పెట్టుకుని నీళ్ళ దాకా మోసుకెళ్తుంది. తండ్రి మోసుకెళ్ళడం కూడా చూశారు. ఆ తర్వాత కొన్ని వారాలు పిల్లలన్నీ తల్లి చుట్టూ, తల్లి వీపు మీదా.

మేనమామ చాలాసేపు ఏమీ అనలేదు. చెప్పులు వెతుక్కుంటున్నట్టు కాలితో మెట్టు తడుముతూ, మెల్లిగా అన్నారు.

మేనమామ: పిల్లలమొసలి.

మేనకోడలు: ఏంటి?

మేనమామ: పిల్లలకోడి అంటాం గదా. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే కోడిని. పది పిల్లలున్నా కోడి పేరే చెప్తాం, గుంపంతా అందులో వచ్చేస్తుంది. దాని జోలికెళ్ళకు, పొడుస్తుందని కూడా అందులోనే ఉంది. పిల్లలమొసలి అంటే అర్థం కానివాడుండడు.

మేనకోడలు: అంటే కొత్త మాట పుట్టించావు!

మేనమామ: నేనెక్కడ పుట్టించానే? పిల్లలకోడి ఉంది. కోడి తీసి మొసలి పెట్టాను.

మేనకోడలు: ఇటుకబట్టీ!

మేనమామ: కాదు. అందులో కన్నుంది.

మేనకోడలు: పిల్లలు పెద్దవై వెళ్ళిపోయాక?

మేనమామ: వెళ్ళిపోయాక మొసళ్ళే. ఒక్కొక్కటీ ఒక్కొక్క మొసలి. నా మొదటి జవాబు నీకు గుర్తుంటే.

ఎవరు గెలిచారని నన్నడిగితే చెప్పను. ఆ ఇంటి భోజనం రుచి మరిగినవాణ్ణి. కాకపోతే ఒకటి అనిపించింది: సాయంత్రమంతా మాటలు కల్పించకూడదన్నాయన కల్పించిందొక్కటే నోట్లో నిలిచింది. కల్పించాలన్నావిడ తెచ్చిన మడుగు కూడా బాగానే ఉంది గాని, దానికి ఎవర్‌గ్లేడ్స్ కథంతా చెప్పాల్సొస్తోంది.

మర్నాడు ఆయనకి కాకినాడలో కంటి పరీక్ష. మాతోనే బయల్దేరారు. గుడి వీధిలోంచి నడుస్తూ కూడా ఊరుకోలేదు.

మేనమామ: అసలు మనకున్న గొప్ప సమూహవాచకం నువ్వు మర్చిపోయావే. మంది. ఎనిమిది మంది, వందమంది, ఎంతమంది. మనుషులకే వాడాలి. ఎంతమంది మొసళ్ళు అంటే ఒకటో తరగతి పిల్లాడు కూడా నవ్వుతాడు. మందీ మార్బలం అన్నప్పుడు అదే మాట సైన్యమవుతుంది. మందా, మందీ అక్కచెల్లెళ్ళనే నా అనుమానం. కాపరి ఉంటే మంద, లేకపోతే మంది.

మేనకోడలు: ఎన్నికలప్పుడు?

మేనమామ: అప్పుడు రెండూను.

సెంటర్లో రామచంద్రపురం ఆటో నిలబడి ఉంది. నిన్నటి అబ్బాయే. మేం ముగ్గురం వెనక సీట్లో సర్దుకున్నాం. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, బండి కదలదు. అబ్బాయి బయట నిలబడి వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూస్తున్నాడు.

"ఏం బాబూ, వెళ్దామా?" అన్నారు మావయ్యగారు.

"ఎల్దామండి. ఇంకా లోడవ్వలేదండి."

"ఏమవ్వలేదూ?"

"లోడండి. ఇంకో ముగ్గురు రావాలండి."

మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మావయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మా ఇద్దరినీ, సీటు కింద పెట్టిన అరటి అత్తాన్నీ ఒకసారి చూసుకున్నారు.

"ఆయ్" అన్నారు. కొంచెం లోపలికి జరిగి, వచ్చేవాళ్ళకి చోటిచ్చారు.